వదిన నోరు

ఆ పొద ముళ్ల గురించి నేను చెప్పేది నమ్మేవాళ్లు నమ్మండి, నమ్మనివాళ్లు వెళ్లి అందులో చెయ్యి పెట్టి చూసుకోండి. ఒక గండుపిల్లి పిట్టపిల్లల మీద ఆశపడి దాంట్లోకి దూరింది. అటువైపు నుంచి బయటపడేసరికి దానికి మీసాల్లేవు. ఆ తర్వాత చాన్నాళ్లు ఎలుకలు దాన్ని గుర్తుపట్టక, ఎదురుపడితే ఆగి క్షేమసమాచారాలు అడిగి మరీ పోయేవి. మా వీధి దర్జీ అయితే సూది విరిగినప్పుడల్లా దుకాణానికి పోకుండా దారం చేతబట్టుకుని నేరుగా ఆ పొద దగ్గరికే వచ్చేవాడు. ఈ రెండింట్లో పిల్లి సంగతి కొంచెం నిజం. రెండోది దర్జీ ఒప్పుకోడు.

దాని అసలు పేరు గ్రెవిల్లియా. ఆ పేరు పలకబోయి నాలుక మడతపడ్డవాళ్లంతా కలిసి దానికి సూదిపొద అని పేరు పెట్టుకున్నారు. ఆకులు ఆకుల్లా ఉండవు, కుచ్చులు కుచ్చులుగా సూదులు గుచ్చినట్టుంటాయి. పువ్వులు మాత్రం వింతగా ఉంటాయి, ఎర్రటి సాలీడు వెల్లకిలా పడుకుని కాళ్లన్నీ పైకెత్తినట్టు. వాటి నిండా తేనె. పిడికెడంత పిట్టలు ఆ తేనె తాగి, ఆ ముళ్లలోనే గూళ్లు కట్టుకుని, బయటి పిల్లుల్ని చూసి ఎకసెక్కాలాడుతుండేవి.

నా సైకిల్ షాపుకి ఎదురుగా, వీధికి అవతలి పక్కన మొక్కల నర్సరీ ఉండేది. అన్నదమ్ములిద్దరిది. తమ్ముణ్ణి అందరూ కత్తెర అనేవాళ్లు, ఎందుకంటే నిద్రలో కూడా అతని జేబులో కొమ్మలు కత్తిరించే కత్తెర ఉండేది. అన్నని పైపన్న అనేవాళ్లు. పొద్దున లేస్తే నీళ్ల పైపు పట్టుకుని, మళ్లీ పొద్దుగూకాకే వదిలేవాడు. మాట్లాడటం ఆయనకు పెద్దగా అలవాటు లేదు. ఆయన వాటా మాటలు కూడా భార్యే మాట్లాడేసేది. ఆవిడే వదిన. నిజానికి ఆవిడ కత్తెరకి ఒక్కడికే వదిన. కానీ వీధిలో పాలవాడి నుంచి పోస్టుమాన్ దాకా అందరం ఆ పిలుపు అరువు తెచ్చుకుని వాడేసుకున్నాం.

ఆవిడ కాపురానికి వచ్చేనాటికి కత్తెర ఒక చేత్తో నిక్కరు జారకుండా పట్టుకుని తిరిగే పిల్లాడు. తల్లి లేదు. వదినే స్నానం చేయించింది, అన్నం పెట్టింది, వీపు మీద నాలుగు వేసి బడికి పంపింది. వాడికి ఆవిడ నోట 'ఒరేయ్' తప్ప వేరే పేరు ఉందని చాలాకాలం తెలియదు. పెద్దయ్యాక, మీసం వచ్చాక, పెళ్లయ్యాక కూడా ఒరేయే. ఆవిడ ఒరేయ్ అని పిలిస్తే ఎండలో నిలబడ్డవాడికి నీడ తగిలినట్టు మొహం పెట్టేవాడు.

ఆవిడ తిట్లు వీధి చివర మలుపు దాకా వినిపించేవి. కొనడానికి వచ్చినవాళ్లని కూడా వదిలేది కాదు. సూదిపొద కావాలని ఎవరైనా వస్తే ముందు నిలబెట్టి పాఠం చెప్పేది. ఈ మొక్క బీదమట్టిలో పుట్టిన జాతి, ఉన్నదాంట్లోంచే ఏరుకుని తింటుంది. గులాబీకి వేసినట్టు దీనికి సూపర్ ఫాస్ఫేటు వేస్తే విషం తిన్నట్టే. పూలయ్యాక పైపైన కత్తిరించాలి గాని, ముదురు కొయ్య దాకా నరికితే మళ్లీ చిగురు వేయదు. ఇంత చెప్పి, చివర్లో వాళ్ల కళ్లలోకి చూసి అడిగేది.

"పెట్టి పెంచుకుంటారా, పెట్టి చంపుకుంటారా? చంపుకునేట్టయితే ఇప్పుడే చెప్పండి, ఇక్కడే నేను పీకి పారేస్తాను. ఇంటిదాకా మోసుకెళ్లే శ్రమ మీకెందుకు?"

వాళ్లు మొహం మాడ్చుకుని వెళ్లేవాళ్లు. కానీ మొక్క బతికేది. మరుసటి ఏడాది పువ్వులు కోసుకొచ్చి ఆవిడకే చూపించేవాళ్లు.

కత్తెరకి ఒక పిచ్చి ఉండేది. పొదల కింద రాలిన గింజలన్నీ ఏరి నాటేవాడు. ఈ సూదిపొదల్లో ఉన్న తమాషా ఏంటంటే, గింజ వేస్తే తల్లిలాంటి మొక్కే వస్తుందని చెప్పలేం. తేనెకొచ్చిన పిట్టలు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటించి పోతాయి. ఒక పిల్లమొక్క నేలమీద చాపలా పాకుతుంది, ఒకటి నిటారుగా లేస్తుంది, ఒకటి పసుప్పచ్చగా పూస్తుంది, ఇంకోటి ఎవరి పోలికో తెలియకుండా పోతుంది. నచ్చినది దొరికితే దాన్ని గింజతో పెంచకూడదు. కొమ్మముక్కలు కోసి ఇసకలో గుచ్చి వేళ్లు రప్పించాలి. అప్పుడే అచ్చం అదే వస్తుంది. ఆ పని వదినది. చేతికి తొడుగు వేసుకునేది కాదు. తొడుగు వేస్తే కొమ్మ లేతదో ముదురుదో వేలికి తెలియదంటుంది. సాయంత్రానికి ఆవిడ వేళ్లు జల్లెడలా ఉండేవి.

అలా నాటిన గింజల్లోంచి ఒక మొక్క లేచింది. ముళ్లలో అన్నిటికంటే మొండిది, పువ్వులో అన్నిటికంటే అందమైంది. ముదురెరుపు గుత్తులు, ఆకు కనిపించనంత. కత్తెర దాన్ని గేటు పక్కన భూమిలో నాటాడు. అదే తల్లి మొక్క. వదిన బల్ల దగ్గర కూర్చుని దాని కొమ్మముక్కలు కోస్తుంటే వాడు చేరి మొదలుపెట్టేవాడు. 

"వదినా, ఇది అచ్చం నీ నోరే. దూరం నుంచి చూస్తే ఎంత బావుంటుందో, దగ్గరికొస్తే అంత గుచ్చుతుంది."

"గుచ్చబట్టి మిగిలావురా. లేకపోతే నిన్ను ఎప్పుడో మేకలు మేసేసేవి."

నేను ఇవతల చక్రానికి చువ్వలు బిగిస్తూ నవ్వుకునేవాణ్ణి. ఆ మాటలు వినడం కోసమే కొందరు గాలి నిండుగా ఉన్న సైకిలు తెచ్చి గాలి కొట్టమనేవాళ్లు. ఒకాయన మరీ రెండు గాలుల మీద ఇంకో గాలి కొట్టించుకుని, ఇంటికి వెళ్తూ మధ్యదారిలో సైకిలుతో సహా చెట్టు కొమ్మదాకా లేచాడు. అది వేరే కథ.

అప్పుడు పట్టణంలో మొక్కల ప్రదర్శన పెట్టారు. పెద్ద హాలు, బల్లల మీద తెల్లగుడ్డలు, మైకు. కత్తెర తల్లి మొక్క కొమ్మముక్కతో పెంచిన కొత్త మొక్కని పెద్ద కుండీలో పెట్టి తీసుకెళ్లాడు. కుండీ నా మూడు చక్రాల బండిలోనే వెళ్లింది కాబట్టి నేనూ ఉన్నాను. వదిన ఇస్త్రీ చీర కట్టుకుంది. పైపన్న మొదటిసారి పైపు లేకుండా కనిపించాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండింటినీ వీపు వెనక దాచుకున్నాడు.

మొక్కకి పేరు రాసిన అట్టముక్క తగిలించాలన్నారు. కత్తెర వేరే ఏదో పేరు అనుకునే వచ్చాడట. కానీ పెన్ను చేతికి రాగానే, అలవాటైన చిలిపితనం వేళ్లలోకి వచ్చి, 'వదిన నోరు' అని రాసి తగిలించేశాడు. వదిన చూసి, "వెధవా, ఇదేం పేరురా" అని వాడి చెవి పట్టుకుంది. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

మొదటి బహుమతి ఆ మొక్కకే వచ్చింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి పేరు చదివి, మళ్లీ చదివి, ఇంతకీ ఈ వదిన ఎవరండీ అని అడిగాడు. కత్తెర సంతోషంలో ఉన్నాడు, చెయ్యి చాపి చూపించేశాడు. హాలంతా అటు తిరిగింది. నవ్వులు మొదలయ్యాయి. పెద్దమనిషికి హుషారు పెరిగింది. మైకు పైపన్న మొహం ముందు పెట్టి, మరి తమరు ఇన్నేళ్లూ ఈ ముళ్లు ఎలా తట్టుకున్నారండీ అన్నాడు. నవ్వులకి హాలు పగిలిపోయింది. వదిన కూడా నవ్వుమొహంతోనే నిలబడింది. పూలగుత్తి ఇస్తే తీసుకుంది. దండం పెట్టింది. బండి వెనకాల నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున కత్తెర మట్టి కలుపుతుంటే వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"ఇసక తట్ట ఎక్కడ పెట్టారండీ?"

కత్తెర వెనక్కి తిరిగి, తన వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమో అని చూశాడు. ఎవరూ లేరు. ఆవిడ అడిగింది తననే.

మొదట వేళాకోళం అనుకున్నాడు. వాడూ అండీ అని జవాబిచ్చి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. తట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మొత్తం అండీలే. మర్నాడూ అంతే. ఆవిడ మాట్లాడటం మానేసుంటే కాళ్లు పట్టుకుని బతిమాలుకునేవాడు, అన్నం మానేసుంటే తనూ మానేసి కూర్చునేవాడు. ఆవిడ అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, కూర ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగింది. అంత మర్యాద మీద ఎవరికని ఫిర్యాదు చేస్తాడు?

ఈలోగా మొక్క పేరు ఊరంతా పాకిపోయింది. పొద్దున గేటు తీయకముందే ఎవడో ఒకడు వచ్చి, వదిన నోరు ఉందా అని అడిగి తనే పకపకా నవ్వేవాడు. ఉందండి, ఎన్ని కావాలండి అనేది ఆవిడ. అందరం వాడుకున్న ఆ పిలుపు పాడైపోయింది. వదినా అని నోరు తెరిస్తే, తర్వాతి మాట ఏమొస్తుందోనని వినేవాళ్ల పెదాలు ముందే విచ్చుకునేవి. పాలవాడు మేడమ్ అనడం మొదలుపెట్టాడు. పోస్టుమాన్ ఏమీ అనకుండా ఉత్తరాలు గేటుకి గుచ్చి పోయేవాడు.

కొనేవాళ్లకి పాఠం చెప్పడం కూడా ఆవిడ మానేసింది. ఎవరైనా వచ్చి, బాగా ఎరువు వేస్తే ఇంకా గుత్తులుగా పూస్తుందా అంటే, మీ ఇష్టమండీ అనేది. నిండా కత్తిరించి గుండ్రంగా చేసుకోవచ్చా అంటే, అలాగే చేసుకోండి అనేది. జనం ముచ్చటపడి ఎరువు పోశారు, ముచ్చటపడి నరికారు. కొన్నాళ్లకి ఒక్కొక్కరే ఎండిన కొమ్మలు చేతబట్టుకుని రావడం మొదలుపెట్టారు. అయ్యో పాపం అండీ అని, ఆవిడ వాళ్లకి ఇంకో మొక్క ఇచ్చి పంపేది. పాత వదిన అయితే ఆ కొమ్మతోనే తరిమేది.

కత్తెర అట్టలన్నీ పీకేసి ఎర్రతార అని కొత్తపేరు రాశాడు. ఎర్రతార అడిగినవాడు ఒక్కడూ లేడు. అప్పటికే వేరే నర్సరీలవాళ్లు కూడా కొమ్మముక్కలు పట్టుకుపోయి పెంచుతున్నారు, పేరుతో సహా. కొమ్మనైతే విరిచి పారేయొచ్చు. జనం నోట్లో వేళ్లూనిన మాటని పీకడానికి కత్తెర దగ్గర పనిముట్టు లేదు.

తర్వాత వాడు గింజల మీద పడ్డాడు. ముళ్లు లేని మొక్క కోసం మడులు మడులుగా నాటాడు. చివరికి ఒకటి దొరికింది. సూదులు మెత్తన, దూదిపింజల్లా. పువ్వు లేత మీగడరంగు. పసిపాప మొహానికి రాసినా గీరుకోదు. పిట్టలు మాత్రం దాని చుట్టూ తిరిగి చూసి, ఇందులో కాపురం పెడితే పిల్లి చేతిలో పెట్టినట్టేనని ఎగిరిపోయాయి. దాన్ని చిన్న కుండీలో పెట్టి పట్టుకెళ్లి, దీనికి వదిన మనసు అని పేరు పెడతానని చెప్పాడు.

ఆవిడ కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బావుందండి. బాగా అమ్ముడవుతుంది."

అంతే. కుండీని బల్ల మీద పెట్టేసి, చేతిలోని కత్తితో మళ్లీ కొమ్మలు కోసుకుంది.

ఒకరోజు తోపుడుబండి చక్రం ఊడిందని దొర్లించుకుంటూ ఆవిడ నా షాపుకి వచ్చింది. నేను ఉండబట్టలేక, వాడు పిల్లవెధవ, ఏదో సరదాకి రాశాడు, ఇంకెన్నాళ్లు ఈ అండీలు అన్నాను. ఆవిడ చక్రం వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"వాడి మాటకి కాదయ్యా. వాడు రోజూ అనేవాడేగా. ఆ హాల్లో వాళ్లన్నయ్య నవ్వాడు, చూశావా? కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. అంత నవ్వు నేను ఇంట్లో ఏనాడూ చూళ్లేదు. మాట్లాడని మనిషి గదా, ఆయన బదులు నేను మాట్లాడుతున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. నేను గుచ్చుతున్నానని ఆయనకి ముందునుంచీ ఉందన్నమాట."

నా చేతిలో రెంచీ ఉంది గాని బిగించడం మర్చిపోయాను. ఆవిడే గుర్తుచేసింది.

సాయంత్రం కత్తెర వచ్చి కూర్చుంటే సంగతంతా చెప్పాను. వాడు మొత్తం విని, అన్నయ్య గురించి ఒక్క మాట అడగలేదు. అడిగింది ఒక్కటే. 

"వాడు అందా? నన్ను వాడు అనే అందా?"

అవును, అలాగే అందన్నాను. వాడి కళ్లు వెలిగాయి. అంటే నా వెనకాల నేనింకా వాడినే అన్నమాట, ఒరేయ్ లోపల ఎక్కడో ఉంది, పైకి లాగాలంతే అన్నాడు. పైపన్న దగ్గరికి కూడా వెళ్లి గొడవపడ్డాడట. ఆయన ఆ రాత్రి భార్య దగ్గర నిలబడి, అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చిందే, అంతకంటే ఏం లేదు అన్నాడట. అందరికీ వచ్చినప్పుడు మీకూ వస్తుంది లెండి అని ఆవిడ దుప్పటి దులిపి పక్క వేసిందట. ఈ ముక్క కత్తెరే నాకు చెప్పాడు.

మర్నాడు పొద్దున కత్తెర ఎరువుల గదిలోంచి గులాబీల సూపర్ ఫాస్ఫేటు బస్తా ఈడ్చుకొచ్చి గేటు పక్కన తల్లి మొక్క మొదట్లో పడేశాడు. నా షాపులోంచి అంతా కనిపిస్తూనే ఉంది. వదిన ఎదురుగా బల్ల దగ్గర ఉంది. వాడు బస్తా మూతి విప్పి, ఆవిడ వైపు చూస్తూ, ఒక దోసెడు తీసి మొదట్లో పోశాడు. అప్పుడు నాకర్థమైంది. చిన్నప్పుడు పాలగిన్నె దగ్గర చెయ్యి పెట్టి, వదిన వచ్చి కొట్టేదాకా తీయని పిల్లాడి లెక్క అది. ఇంకెవరు ఏం చేసినా ఊరుకుంటుంది గాని, తన చేత్తో సాకిన తల్లి మొక్కకి కళ్లముందు విషం పోస్తుంటే ఊరుకోదు, ఒరేయ్ అని అరిచి తీరుతుంది అని వాడి నమ్మకం.

ఆవిడ కత్తి ఆగింది. వాడు ఇంకో దోసెడు పోశాడు. ఆవిడ లేచింది. నడిచి గేటు దగ్గరికి వచ్చింది. మొక్కకి అటు ఆవిడ, ఇటు వాడు. ఆవిడ నోరు తెరిచింది. కత్తెర మొహం చూడాల్సింది, బడి ఎప్పుడు వదులుతారా అని గంట వైపు చూసే పిల్లాడి మొహం. నేను కూడా చేతిలో పని వదిలేసి నిలబడ్డాను. ఆవిడ అటు వీధి వైపు చూసింది, ఇటు లోపలికి చూసింది.

"అంత అవసరమంటారా అండీ?" అంది.

కత్తెర బస్తాని రెండు చేతులా ఎత్తి బోర్లించేశాడు. తెల్లటి పొడి మొదలంతా కప్పేసింది. అన్న చేతిలోంచి పైపు లాక్కుని దాని మీద నీళ్లు కూడా వదిలాడు. పైపన్న ఖాళీ చేతులతో అలాగే నిలబడిపోయాడు. వదిన కాసేపు చూసి, బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి కత్తెరకి తెలివొచ్చింది. మొదట్లో మట్టంతా గీకి తీశాడు, నీళ్లతో కడిగాడు, కొత్త ఇసక పోశాడు. చెప్పకుండానే వదిన కూడా వచ్చి పక్కన కూర్చుని మట్టి తోడింది. ఇద్దరూ వారాల తరబడి ఆ మొక్కని ఐసియూలో రోగిలా చూసుకున్నారు. సూదుల కొసలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పసుపెక్కాయి, తర్వాత ఎండుగడ్డి రంగుకి వచ్చాయి. పువ్వులు రాలకుండా కొమ్మకే మాడిపోయాయి. దాని కొమ్మల నుంచి పుట్టిన మొక్కలు ఊళ్లో ఇంటింటా పచ్చగా ఉన్నాయి, తిట్టుపేరు మోసుకుంటూ. ఇది మాత్రం పోయింది.

తవ్వి తీసేరోజు నన్ను గునపం తెమ్మన్నారు. కత్తెర, నేను కలిసి చుట్టూ తవ్వి మోడుని ఒక పక్కకి ఒరిగించాం. వదిన పక్కనే నిలబడి, ఎండుసూదులు కాళ్లకి గుచ్చుకోకుండా చీపురుతో ఊడుస్తోంది. ఊడుస్తూనే, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"ఆ రోజు తిట్టడానికే లేచి వచ్చానండీ. మీరు నమ్మరు. నోటిదాకా వచ్చింది. అనబోతుంటే ఆ హాలు గుర్తొచ్చింది. ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాను. ఆ చూసినంతలో మాట పోయింది."

కత్తెర గోతిలోనే నిలబడి ఉన్నాడు. చేతులకంటిన మట్టిని లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇప్పుడెవరూ లేరు వదినా. ఈయన్ని లెక్కలోకి తీసుకోకు, ఈయన చెప్పినా ఎవరూ నమ్మరు. ఇప్పుడను."

ఆవిడ చీపురు ఆపింది. పెదాలు గుండ్రంగా అయ్యాయి. నేను అక్కడుండకూడదనిపించి, గునపం భుజాన వేసుకుని వీధి దాటి షాపులోకి వచ్చేశాను. వాళ్ల వైపు వీపు తిప్పి కూర్చుని, విన్నట్టు తెలియకూడదని ఒక సొట్టచక్రాన్ని ముందేసుకుని సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. కొట్టడం ఆపినప్పుడల్లా చెవి అటే పోయేది. చాలాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది. 

"గొయ్యి అంచు మెత్తగా ఉందండీ, నెమ్మదిగా ఎక్కండి. చెయ్యి ఇవ్వమంటారా?"